మాస్ ఎఫెక్ట్ 2: ముందు జాయీద్ పనా, కాసుమి పనా?

జాయీద్, కాసుమి ఈ అంతరిక్ష వీడియో గేమ్‌లో అదనంగా జతయ్యే సహచరులు, ఒక్కొక్కరికీ ఒక సొంత మిషన్ ఉంటుంది. 2010లో ఇద్దరినీ అమ్మిన తీరే వేరు. జాయీద్ కొత్త కాపీలో వచ్చే కోడ్‌తో ఉచితం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు మాత్రం అదనపు ఖర్చు. కాసుమి ఏప్రిల్‌లో విడిగా వచ్చింది, ధర 7 డాలర్లు. పాత కాపీల అమ్మకాన్ని దెబ్బతీయడానికి ఒక సహచరుణ్ణి ఎరగా వాడడం నాకు ఇప్పటికీ నచ్చదు. 2021లో మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన లెజెండరీ ఎడిషన్‌లో ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఖర్చు గొడవ లేదు.

దొరికే చోటు: జాయీద్ ఒమెగా అంతరిక్ష కేంద్రంలో, కాసుమి సిటడెల్ అనే మరో కేంద్రంలో.

మిషన్: జాయీద్‌ది జోర్యా గ్రహంలో పాత శత్రువు వీడోపై పగ. మంటల్లో చిక్కుకున్న కార్మికులను కాపాడాలా, వీడోను వెంటాడాలా అన్నది మీరే తేల్చాలి. కాసుమిది విందులో దొంగతనం, షెపర్డ్ (మీరు ఆడే పాత్ర) సూటూ బూటూ వేసుకుని వెళ్లాలి. లోకస్ట్ తుపాకీ కూడా దక్కుతుంది.

రిస్క్: కార్మికులను కాపాడాక పారగాన్ స్కోరు (మంచి దారి పాయింట్లు) చాలకపోతే జాయీద్ విధేయత పోతుంది. కాసుమి దగ్గర ఏ నిర్ణయం తీసుకున్నా ఆమె మీవైపే.

చివరి పోరు: శత్రు స్థావరంలోని గొట్టాల్లోకి పంపడానికి కాసుమి, కాపలాకు జాయీద్. కాపలాలో కాసుమి బలహీనం.

మంచి దారిలో ఆడేవాళ్లు కాసుమిని ముందే ముగించి, జాయీద్‌ను స్కోరు పెరిగాక చూడండి. రెనెగేడ్లకు (కఠిన దారిలో ఆడేవాళ్లకు) ఆ చింత లేదు, జోర్యాకు ఎప్పుడైనా వెళ్లొచ్చు.