ఆటో డార్కెనింగ్ వెల్డింగ్ హెల్మెట్: నాలుగేళ్లు వాడాక

తెనాలిలో నాకు చిన్న వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తాం. పద్దెనిమిదేళ్లు నల్ల అద్దం బిగించిన చేతి షీల్డుతోనే నెట్టుకొచ్చాను. 2021లో 2,400 రూపాయలు పెట్టి, దానంతటదే నల్లబడే అద్దమున్న ఆటో డార్కెనింగ్ హెల్మెట్ కొన్నాను. కొనడానికి ముందు నెలలో ఒక రాత్రి పడ్డ బాధే దానికి కారణం.

ఆ రోజు గ్రిల్ ముక్కలకు ట్యాకులు, అంటే కదలకుండా చిన్న చుక్క వెల్డింగులు, వేస్తున్నాను. ఎడమ చెయ్యి ఫ్లాట్ పట్టీని పట్టుకుంది, కుడి చేతిలో రాడ్డు బిగించిన హోల్డర్ ఉంది. ఇక షీల్డు పట్టుకోవడానికి మూడో చెయ్యేదీ? అందరం చేసే పనే చేశాను. కళ్ళు మూసుకుని, మొహం పక్కకు తిప్పి చుర్రుమనిపించడం. నాలుగైదు సార్లు కళ్ళు మూసేలోపే ఆర్క్ (రాడ్డు కొసన పుట్టే మెరుపు) వెలిగింది. అప్పుడేమీ తెలియలేదు, భోజనం చేసి పడుకున్నాను. పదకొండింటికి మెలకువ వచ్చింది. కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టుంది, నీళ్లు ధారగా కారుతున్నాయి, బల్బు వంక చూడలేను. కళ్ళకు ఆర్క్ కొడితే అంతే, మంట ఆరేడు గంటలు పోయాక మొదలవుతుంది. ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు మీది పలచని పొరను కాలుస్తాయి. ఎండకు చర్మం కమిలినట్టే ఇదీ.

మా వాళ్లు బంగాళదుంప చెక్కలు పెట్టారు. పక్కింటి బాలింతరాలి చనుబాలు తెమ్మంటారా అని మా అత్తగారు అడిగారు. నేను మాత్రం మెడికల్ షాపులో తిమ్మిరి చుక్కలు తెప్పించుకుని వేసుకున్నాను. మర్నాడు కళ్ళ డాక్టరుగారు ఆ సీసా చూసి బాగా చీవాట్లు పెట్టారు. నొప్పి తెలియనివ్వకుండా మాటిమాటికీ వేస్తే పొర మానడం ఆగిపోతుందట, పుండు కూడా పడొచ్చట. ఆయన ఇచ్చిన మందుతో రెండు రోజుల్లో తగ్గింది.

ఇక హెల్మెట్ సంగతి. మామూలప్పుడు అద్దం లేత ఆకుపచ్చగా ఉంటుంది, పని కనబడుతుంది. ఆర్క్ వెలగగానే నల్లబడుతుంది. నా దానిమీద 4/9-13 అని రాసి ఉంది. అంటే ఖాళీగా ఉన్నప్పుడు షేడ్ 4, వెల్డింగప్పుడు 9 నుంచి 13 దాకా మనం తిప్పి పెట్టుకోవచ్చు; అంకె పెరిగేకొద్దీ నలుపు ఎక్కువ. నేను సన్నటి 12 గేజ్ రాడ్డుకు షేడ్ 10, దానికన్నా లావైన 10 గేజ్ రాడ్డుకు షేడ్ 11 పెడతాను. అసలు లాభం షేడ్ కాదు, రెండు చేతులూ ఖాళీ కావడం. ట్యాకు కొట్టేటప్పుడు కళ్ళు మూసే అలవాటు మూడు నెలల్లో పోయింది. ముక్క పక్కకు జరగడం కూడా తగ్గింది.

ఇది పని చేయని సందర్భాలూ ఉన్నాయి. ఆర్క్ వెలుగును పసిగట్టే సెన్సర్లు నా దానికి రెండే. గేటు లోపలి మూలల్లో దూరి చేసేటప్పుడు పైపు అడ్డమొస్తే అద్దం నల్లబడదు, ఫట్‌మని మెరుస్తుంది. నాలుగేళ్లలో ఏడెనిమిది సార్లు అలా జరిగింది. చూపులో కాసేపు పచ్చటి మచ్చ తేలింది గానీ ఏ రాత్రీ మంట రాలేదు. సరైన అద్దంలో అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పూత ఎప్పుడూ ఉంటుంది, నల్లబడినా బడకపోయినా. అందుకే ఈఎన్ 379 లాంటి భద్రతా ప్రమాణం పేరు అద్దం మీదే ఉందో లేదో చూసి కొనండి. అట్టపెట్టె మీద రాతలు నమ్మొద్దు.

ఎండలో సైటు మీద పని చేస్తే వెలుతురికే నల్లబడిపోతుంది. సెన్సిటివిటీ తగ్గించుకోవాలి, షాపుకొచ్చాక మళ్లీ పెంచాలి. ఒకసారి పెంచడం మర్చిపోయాను, మెరుపు తిన్నాను. రెండేళ్లకు అద్దం రెపరెపలాడడం మొదలైంది. సోలారే కదా అనుకున్నాను, తీరా చూస్తే లోపల సీఆర్ 2032 బటన్ సెల్ కూడా ఉంది. మార్చగానే సరిపోయింది. ముందు ప్లాస్టిక్ రేకు నిప్పురవ్వలకు మసకేస్తుంది, నేను రెండు నెలలకోసారి మారుస్తాను. తల పట్టీ మాత్రం నాసిరకం, చెమటకు స్పాంజి ఏడాదికే ఊడింది. స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పొర) కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తేస్తాం కాబట్టి పెచ్చులు కంట్లో పడతాయి. దానికి సేఫ్టీ కళ్ళజోడు విడిగా ఉండాల్సిందే.

ఇవన్నీ పెట్టుకున్నవాడి సంగతులు. మా హెల్పర్ కుర్రాడు పైపు పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. నాకు హెల్మెట్ వచ్చిన ఆరు నెలలకు వాడికి ఆర్క్ కొట్టింది. "నేను వెల్డింగ్ చెయ్యలేదు కదన్నా, నాకెందుకొచ్చింది?" అన్నాడు. సమాధానం చెప్పడానికి సిగ్గేసింది. ఆ వారమే వాడికీ ఒకటి కొన్నాను, రోడ్డు వైపు మందపాటి టార్పాలిన్ కట్టాను.

ఇంకోటి కొనాల్సి వస్తే నాలుగు సెన్సర్లదే కొంటాను, ఇంకో వెయ్యి ఎక్కువైనా సరే. పాత చేతి షీల్డు పారేయలేదు, గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది. గేటు ఎంతవరకొచ్చిందో చూస్తామని వచ్చే కస్టమర్ల చేతిలో ముందు అది పెట్టి, తర్వాతే రాడ్డు ముట్టిస్తాను.