పీ16, కేఐ-67, ఎస్‌సీసీ యాంటిజెన్: ఏది మేలు?

గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పులను సీఐఎన్ అంటారు, తీవ్రతను బట్టి 1 నుంచి 3 దాకా. బయాప్సీలో (చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో) సీఐఎన్-1 అని వస్తే చాలామందిలో అది దానంతటదే తగ్గిపోతుంది. సీఐఎన్-3ని మాత్రం వదిలేయకూడదు. చిక్కంతా మధ్యలో ఉన్న సీఐఎన్-2తోనే. ఒకే స్లయిడ్ చూసి ఇద్దరు పాథాలజిస్టులు రెండు మాటలు చెప్పడం ఇక్కడ మామూలే. ప్రోటీన్ మార్కర్లు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఈ తగవు తీర్చడానికి పీ16 అనే ప్రోటీన్‌ను మించింది లేదని నా అభిప్రాయం. ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్ తయారుచేసే ఈ7 ప్రోటీన్, కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచేయనివ్వదు. దాంతో కణంలో పీ16 పేరుకుపోతుంది. అంటే వైరస్ వచ్చి ఉందనే కాదు, కణాన్ని గుప్పిట్లోకి తీసుకుందని కూడా తెలుస్తుంది. బయాప్సీ ముక్కకు పీ16ను పట్టిచూపే రంగు (స్టెయిన్) వేసినప్పుడు అడుగు పొర నుంచి పైకి ఎడం లేకుండా గట్టిగా రంగు పడితేనే పాజిటివ్. అక్కడక్కడా మచ్చల్లా పడితే లెక్కలోకి రాదు. అమెరికాలో 2012లో వచ్చిన లాస్ట్ (LAST) అనే మార్గదర్శకాలు సీఐఎన్-2 అనుమానానికి ఈ స్టెయిన్ వాడమన్నాయి. స్పష్టమైన సీఐఎన్-1కి వద్దన్నాయి. సబబే, ఎందుకంటే సీఐఎన్-1లోనూ కొన్ని పాజిటివ్‌గా వస్తాయి. అది చూసి గ్రేడు పెంచితే అనవసరపు చికిత్స, టెన్షన్.

కేఐ-67 అనే ప్రోటీన్ విభజనలో ఉన్న ప్రతి కణంలోనూ కనిపిస్తుంది. వాపు ఉన్నా, పుండు మానుతున్నా పెరుగుతుంది కాబట్టి ఒంటరిగా నమ్మలేం. అయితే మెనోపాజ్ తర్వాత పలచబడిన పొర హై గ్రేడ్ (తీవ్రమైన) మార్పులా భ్రమపెట్టినప్పుడు, కేఐ-67 బాగా తక్కువగా ఉంటే అనుమానం చాలావరకు తీరుతుంది.

ఈ రెండూ కలిస్తే కథ మారుతుంది. మామూలు కణంలో పీ16 విభజనను ఆపుతుంది, కేఐ-67 విభజన జరుగుతోందంటుంది. ఒకే కణంలో రెండూ కనిపించాయంటే అదుపు తప్పినట్టే. ముఖద్వారం నుంచి గీకి తీసిన కణాల నమూనాలో (స్మియర్‌లో) అలాంటి కణం ఒక్కటి దొరికినా, రెండింటికీ కలిపి రంగు వేసే డ్యూయల్ స్టెయిన్ పరీక్ష పాజిటివ్. ఆకారం చూసి ఊహించే పని తగ్గుతుంది. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినవాళ్లలో కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) ఎవరికి అవసరమో తేల్చడానికి నేనైతే కణాల ఆకారం చూసే పాప్ స్మియర్ కంటే దీన్నే ఎంచుకుంటాను. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో ఈ వాడకానికి అనుమతిచ్చింది. ఖర్చు, ల్యాబ్ వసతి మాత్రం చూసుకోవాలి.

ఇక రక్తంలో చూసే ఎస్‌సీసీ యాంటిజెన్. రక్తపరీక్షతో తేలిపోతే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ క్యాన్సర్‌కు ముందు దశలో ఇది పెద్దగా పెరగదు. సోరియాసిస్, కిడ్నీ ఫెయిల్యూర్ ఉంటే మాత్రం క్యాన్సర్ లేకపోయినా పెరగొచ్చు. స్క్వామస్ (ముఖద్వారం పైపొర కణాల్లో పుట్టే) క్యాన్సర్ అని తేలాక చికిత్స పనిచేస్తోందా, జబ్బు తిరగబెట్టిందా అని చూడటానికే పనికొస్తుంది.

పీ16 నెగటివ్ అన్నంత మాత్రాన పూర్తి నిశ్చింత కూడా లేదు. గ్యాస్ట్రిక్ రకం అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్) లాంటివి హెచ్‌పీవీతో సంబంధం లేకుండా వస్తాయి. వాటిలో పీ16 సాధారణంగా నెగటివ్‌గానే ఉంటుంది. లక్షణాలున్నా, ముఖద్వారం చూడటానికి తేడాగా ఉన్నా స్టెయిన్ రిపోర్టుతో ఆగకుండా బయాప్సీ దాకా వెళ్లాల్సిందే.