ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్ వెళ్తున్నారా? ముందు వీసా మీద అంకె చూసుకోండి

నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగియర్‌బ్యెన్ సుమారు 950 కిలోమీటర్లు. మధ్యలో అంతా సముద్రమే. విమానంలో గంటా నలభై నిమిషాలు. జూన్‌లో మేం ముగ్గురం బయల్దేరితే చేరింది ఇద్దరమే.

స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) భాగం కాదు. అక్కడికి వీసా అక్కర్లేదు. కానీ ట్రోమ్సోలో విమానం ఎక్కారంటే షెంజెన్ దాటినట్టే, మళ్ళీ రావాలంటే రెండో ఎంట్రీ ఉండాలి. నాకు నిరుడు స్టాక్‌హోమ్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పటి మల్టిపుల్ వీసా ఇంకా ఉంది. మావారికే కొత్తగా తీయించాం. ఈ టికెట్లు చూపించి మరీ అడిగితే, హైదరాబాద్‌లో ఏజెంటు "రెండూ నార్వేనే కదా మేడమ్, సింగిల్ ఎంట్రీ చాలు" అన్నాడు. 90 యూరోల వీసా ఫీజు కాక తనకు 6,000 రూపాయలు తీసుకున్నాడు.

ట్రోమ్సోలో పాస్‌పోర్ట్ చూసిన అమ్మాయి మావారి వీసా స్టిక్కర్ మీద '01' (అంటే ఒక్కసారే ప్రవేశం) అన్న చోట వేలు పెట్టి చూపించింది. నా దాంట్లో అక్కడే 'మల్ట్' అని ఉంది. "మీరు వెళ్ళొచ్చు, కానీ తిరిగి రానివ్వరు" అని మర్యాదగానే చెప్పింది. ఆమె తప్పేం లేదు. మావారు కాసేపు ఆ అంకెనే చూసి, "మీరిద్దరూ వెళ్ళిరండి, టికెట్లు దండగ కానివ్వకండి" అన్నారు. ఆయన రానూపోనూ టికెట్ 2,980 క్రోనర్లు, మన లెక్కలో పాతిక వేలు, పోయాయి. ట్రోమ్సోలో ఆయన ఒక్కరికీ రెండు రాత్రుల గది మరో 3,300 క్రోనర్లు.

ఈ యాత్ర అసలు ఆయన కోసం. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. లాంగియర్‌బ్యెన్ కొండలో 2008లో తెరిచిన, ప్రపంచ దేశాల పంట విత్తనాలు భద్రపరిచే ఖజానా చూడాలని ఎప్పటి నుంచో కోరిక. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, కంది, శనగ విత్తనాలూ అందులోనే ఉన్నాయి.

ఊరు బాగుంది. మా లాడ్జి (రాత్రికి 1,390 క్రోనర్లు, బాత్‌రూమ్ అందరికీ ఒకటే) గుమ్మంలోనే చెప్పులు విప్పించింది. బొగ్గు గనుల కాలం నాటి అలవాటట. థాయ్ వాళ్ళు చాలామంది ఉండటంతో వేడి అన్నం, కూర దొరికాయి, ప్లేటు 189. మా అబ్బాయి సగం కూడా తినలేదు.

మీరు వెళ్తుంటే దరఖాస్తులో మల్టిపుల్ ఎంట్రీ అని మీరే రాయించండి, లాంగియర్‌బ్యెన్ టికెట్ జతచేయండి, స్టిక్కర్ చేతికొచ్చిన రోజే అంకె చూడండి. ఏజెంటు మాట నమ్మొద్దు.

ఖజానా లోపలికి సందర్శకులను రానివ్వరు. కొండలోంచి పొడుచుకొచ్చిన కాంక్రీటు గోడ, దానికో తలుపు, అంతే. టాక్సీ ఆపించి అక్కడి నుంచే మావారికి వీడియో కాల్ చేశాను. "తలుపు చూశాలే, కింద నేల చూపించు" అన్నారు. నల్లటి రాళ్ళ మధ్య వేలెడంత నాచు. ఫోన్ కిందికి వంచి, ఆయన చాలనేదాకా అలాగే పట్టుకున్నాను.