ఇసుకలో మువ్వ దొరికింది: గ్యారెట్ ప్రో పాయింటర్ ఏటీ

మా వదిన వెండి మెట్టె టెక్సస్‌లోని గాల్వెస్టన్ బీచ్‌లో జారిపోయింది. పెద్ద మెటల్ డిటెక్టర్ మోగుతూనే ఉంది. లోహాన్ని పసిగట్టే దాని కింది చక్రం, అదే కాయిల్, భోజనం పళ్ళెమంత ఉంటుంది, దాని కింద ఎక్కడని తవ్వాలి? అప్పటికి నా దగ్గరున్న చవక ప్రోబ్ (గుంటలో లోహం సరిగ్గా ఎక్కడుందో చూపే చేతి కడ్డీ) ఉప్పునీళ్ళ తడి తగలగానే ఆగకుండా కూసింది. చీకటి పడేదాకా చేతులతో ఇసుక జల్లించి, ఉత్తచేతులతో వచ్చేశాం. వదిన ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత కొన్నదే ఈ నారింజ రంగు ప్రోబ్, గ్యారెట్ ప్రో పాయింటర్ ఏటీ. తడి ఇసుకలో మొన ఆనించి బటన్ ఒకసారి టక్కున నొక్కితే ఆ ఉప్పుకు సర్దుకుంటుంది, కూత ఆగుతుంది. బీచ్‌లో వెతికేవాళ్ళకు నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 20 అడుగుల లోతు నీళ్ళదాకా తట్టుకుంటుందని కంపెనీ మాట. నేను మోకాలి లోతు దాటలేదు. అలల హోరులో శబ్దం వినపడదు కాబట్టి వైబ్రేషన్‌లోనే పెడతాను.

పోయిన నెల తవ్విన గుంట లోపలి గోడకు దీన్ని ఆనించగానే చేతిలో జివ్వుమంది. వేలితో గీరితే మినపగింజంత వెండి మువ్వ, ఏ పాప పట్టీదో! లోపల ఇసుక ఇరుక్కుని మోగలేదు. కడిగితే మోగింది.

ఇనుమా వెండా అన్నది మాత్రం ఇది చెప్పదు, సీసా మూతకూ అలాగే మోగుతుంది. బ్యాటరీ 9 వోల్టులది, ఛార్జింగ్ లేదు. సంచీలో ఇంకొకటి ఉంచుకోండి. ఆన్‌లో మర్చిపోతే ఐదు నిమిషాలకు అదే కూసి పిలుస్తుంది.

వదిన మెట్టె కోసం మళ్ళీ వెళ్తున్నాం.