తిరుపతి ప్యాకేజీ తీసుకునేవాళ్లు జాగ్రత్త: మా చెల్లి రూము నంబరు దాకా బయటికి చెప్పేశారు

ఇంట్లో ఎవరికైనా ఒక మనిషి వల్ల ప్రాణభయం ఉండి, వాళ్లను తిరుపతికి తీసుకొస్తుంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మాది చిత్తూరు. చెల్లి హైదరాబాద్‌లో ఉంటుంది. కొట్టే భర్తను వదిలి వచ్చేసి, 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. అతను ఆమె దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు. అయినా ఆమె కోసం వెతకడం మానలేదు. పిల్లాడి పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే నేనే ధైర్యం చెప్పి పోయిన నెల రమ్మన్నాను.

తిరుపతిలో ఒక ట్రావెల్స్‌లో ప్యాకేజీ మాట్లాడాను. రేణిగుంట స్టేషన్ నుంచి కారు, రెండు రాత్రులు లాడ్జి, కొండకు పోయి రావడం. సంగతంతా ముందే చెప్పాను. పేరు, నంబరు ఎవరికీ ఇవ్వొద్దన్నాను. "ఇట్లాంటివాళ్లు మాకు చానా మంది వస్తారన్నా, టెన్షన్ పెట్టుకోవద్దు, పూచీ నాది" అన్నాడు. అందుకని 1,500 రూపాయలు ఎక్కువ కూడా తీసుకున్నాడు.

స్టేషన్ బయట డ్రైవరు ఒక తెల్లకాగితం ఎత్తిపట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంటిపేరుతో సహా చెల్లి పేరు, కింద లాడ్జి పేరు. గబగబా వెళ్లి లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఆఫీసులో రాసిచ్చినారు సార్" అన్నాడు. పాపం, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ముందురోజే అంతకంటే ఘోరం జరిగిందని తర్వాత తెలిసింది. ఆ వారం కస్టమర్లందరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చి లిస్టు పెట్టేశారు. పేరు, ఫోన్ నంబరు, లాడ్జి, దిగే టైము, అన్నీ. అది ఎవరి చేతుల మీదుగా చెల్లి భర్తకు చేరిందో గానీ, చేరింది. లాడ్జికి ఫోన్ చేసి "మా ఇంట్లోవాళ్లు వచ్చారా" అని అడిగితే, రిసెప్షన్ అబ్బాయి "వచ్చినారు సార్, 203" అని చెప్పేశాడు. లాడ్జివాళ్లు ఐడీ తీసుకుని రిజిస్టరు రాసుకోవాల్సిందే, కాదనను. అది పోలీసులు అడిగితే చూపడానికి, ఫోన్ చేసినవాడికల్లా చదివి వినిపించడానికి కాదు.

రాత్రి 11 దాటాక తలుపు బాదాడు. చెల్లి తీయలేదు, పక్క రూములో ఉన్న నాకు ఫోన్ చేసింది. నేను వెంటనే 112కు చేశాను. పోలీసులు వచ్చేదాకా పిల్లాడి నోరు అరచేత్తో మూసి బాత్‌రూములో కూర్చుందట. ఆమె బ్యాగులో కోర్టు ఉత్తర్వు జిరాక్స్ ఉండబట్టి సరిపోయింది. లేకుంటే మొగుడూపెళ్లాల గొడవని సర్దిచెప్పి పంపేసేవాళ్లేమో. ఆ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. దాని కాపీ లేకుండా ఊరు దాటకండి.

డబ్బు వెనక్కి అడిగితే ట్రావెల్స్ అతను "దర్శనం బాగానే అయింది కదన్నా" అన్నాడు. నమ్మి చెప్పిన సొంత వివరాలు చట్టం అడగకుండా బయటపెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నేను వేస్తున్నాను.

300 రూపాయల దర్శనం టికెట్ దేవస్థానం వెబ్‌సైట్‌లో మనమే తీసుకోవచ్చు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం అనే వసతి గృహాలు ఉన్నాయి, అవీ దేవస్థానానివే. ఏజెంటు తప్పదంటే కారు ఒకరి దగ్గర, రూము వేరేవాళ్ల దగ్గర తీసుకోండి, ఇద్దరికీ మీ నంబరే ఇవ్వండి. ఆధార్ ఫొటో అడిగితే చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. గ్రూపులో చేర్చకూడదని, పేరు బోర్డు పట్టకూడదని మెసేజ్‌లో రాయించుకోండి. నేను నోటిమాట నమ్మాను. ఇంకొకటి, ఫోన్ ఆ మనిషే కొనిచ్చి సెట్ చేసిందైతే గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆగిందో లేదో బయల్దేరకముందే చూడండి.

గ్రూపులో లిస్టు ఇప్పుడు డిలీట్ చేశారు. మీరు ఆ గ్రూపులో ఉండి స్క్రీన్‌షాట్ తీసుంటే నాకు ఒక్కడికే పంపండి, కేసుకు కావాలి. దయచేసి ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి.