బి.డి. ఎంట్రన్స్ బైబిల్ పేపర్‌కి నేను వెళ్లిన శనివారం క్లాసులు, బెంగళూరులో

మొన్న ఆరాధన అయ్యాక మా తెలుగు చర్చిలో ఇద్దరు తమ్ముళ్లు పట్టుకుని అక్కా ఆ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, దైవశాస్త్ర డిగ్రీ) ఎంట్రన్స్ కోచింగ్ ఎలా ఉంది, చేరొచ్చా అని అడిగారు, మెట్ల మీద నిలబడి చెప్తే తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. పేరు మాత్రం రాయట్లేదు, కింద కంప్లైంట్లు కూడా ఉన్నాయి, అవి వాళ్లకి నేరుగా చెప్పేశాను. ఫ్రేజర్ టౌన్ వైపు ఒక మేడ మీద హాల్లో జరుగుతుంది, పది శనివారాలు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర, ఫీజు 4,500. కావాల్సినవాళ్లు నన్ను అడగండి, నంబర్ ఇస్తాను.

నా సంగతి చెప్తే గానీ రివ్యూ అర్థం కాదు. మాది ఒంగోలు దగ్గర పల్లె, బైబిల్ మొత్తం నేను తెలుగులోనే చదివా, సండే స్కూల్లో కంఠత వాక్యాలు, వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి), క్విజ్‌లు అన్నీ తెలుగే. మారతహళ్లిలో ఉద్యోగం చేసుకుంటూ సెమినరీకి, అంటే దైవశాస్త్ర కాలేజీకి, వెళ్దామని రెండేళ్లుగా ప్రార్థన చేస్తున్నా, నేను అప్లై చేసిన చోట ఎంట్రన్స్‌లో బైబిల్ నాలెడ్జ్ ఉంది, పేపర్ ఇంగ్లీష్‌లో. బైబిల్ వచ్చు కదా ఇంకేం కావాలి అనుకునే మొదటి శనివారం వెళ్లా.

ఆ రోజే ఒక చిన్న టెస్ట్ పెట్టారు, యాభై ప్రశ్నలు, నలభై నిమిషాలు, నాకు ఇరవై ఏడు వచ్చాయి. ఇంటికొచ్చి తప్పులు చూసుకుంటే సగానికి సగం నాకు తెలిసినవే, పేర్లు గుర్తుపట్టలేకపోయా అంతే. ఎలైజా అంటే ఏలీయా, ఎలైషా అంటే ఎలీషా, సార్ గబగబా చదువుతుంటే ఏది ఏదో చెవికి అందలేదు. యోబు పేరుని ఇంగ్లీష్‌లో ఉద్యోగం అనే మాట స్పెల్లింగ్‌తోనే రాస్తారు, పలకడం మాత్రం జోబ్. ఎక్లీసియాస్టిస్ అంటే మన ప్రసంగి, సైరస్ అంటే పారసీక రాజు కోరెషు. ఇవన్నీ ఒక ఎత్తు, యాకోబు ఒక ఎత్తు. మనకి ఇస్సాకు కొడుకు యాకోబే, జెబెదయి కొడుకు యాకోబే, కొత్త నిబంధనలో పత్రిక, అంటే ఉత్తరం, రాసిన ఆయనా యాకోబే, ఇంగ్లీష్‌లో మొదటాయన జేకబ్, మిగతా వాళ్లు జేమ్స్. టెస్ట్‌లో ప్రశ్న ఏంటంటే, జూడ్ తనని తాను ఎవరి బ్రదర్ అని చెప్పుకున్నాడు. తెలుగులో యూదా పత్రిక మొదటి వచనంలోనే ఉంది, యాకోబు సహోదరుడైన యూదా అని, నాకు నోటికొచ్చు, కానీ జూడ్ అంటే ఆ యూదా అని తెలీక వదిలేశా. ఆ రాత్రి చాలా బాధేసింది, ఏడ్చాను కూడా.

వాళ్ల మెటీరియల్‌లో ఈ సమస్య గురించి ఒక్క ముక్క లేదు, ఇదే నా మొదటి కంప్లైంట్. బ్యాచ్‌లో ఇరవై రెండు మందిమి, అందులో ఏడుగురు తెలుగువాళ్లం, కన్నడ తమిళ పిల్లలకి కూడా వాళ్ల వాళ్ల భాషల్లో ఇదే తిప్పలు, అయినా జిరాక్స్ నోట్స్ మొత్తం ఇంగ్లీష్‌లోనే ఇచ్చారు. నేనూ కోలార్ నుంచి వచ్చే ఇంకో అమ్మాయీ కలిసి ఒక లాంగ్ బుక్కులో రెండు గడులు గీసి అరవై ఆరు పుస్తకాల పేర్లు, తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు రాసుకుంటూ పోయాం, మూడో వారానికి పేర్ల దగ్గర మార్కులు పోవడం ఆగింది.

ఇక పాఠం చెప్పే సార్ గురించి. రిటైరైన మలయాళీ సార్, ఇంగ్లీష్‌లో చెప్తారు, మధ్యమధ్యలో కన్నడ. ఈయన కోసమే ఫీజు కట్టొచ్చు అంటాను. మనం క్విజ్‌లకి చదివే పద్ధతి వేరు కదా, పెద్ద కీర్తన ఏది, 119, ఎన్ని వచనాలు, 176, చిన్న కీర్తన 117, రెండు వచనాలు, ఇలా అంకెలు బట్టీ కొట్టడం. సార్ ఆ 119వ కీర్తన తీయమన్నారు, మన తెలుగు బైబిల్లో అక్కడ ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఎనిమిదేసి వచనాలకి ఒక మాట ఉంటుంది చూడండి, చిన్నప్పటి నుంచి వాటిని చూస్తూనే ఉన్నా, ఏంటని ఎవర్నీ అడగలేదు. అవి హీబ్రూ అక్షరాలంట, మొత్తం ఇరవై రెండు, ఒక్కో అక్షరంతో ఎనిమిది వచనాలు మొదలవుతాయి, ఇరవై రెండు ఎనిమిదులు 176. ఇంక ఆ అంకె నేను మర్చిపోను, దానికన్నా ముఖ్యం ఆ కీర్తన రాసినాయన ఎంత పనిపెట్టుకుని రాశాడో అర్థమైంది, ఆ వారం రోజూ పొద్దున్నే ఒక్కో అక్షరం ధ్యానం చేసుకున్నా.

ప్రవక్తల క్లాసు ఇంకా బాగుంది. గోడకి ఆ చివర నుంచి ఈ చివరకి ఒక పురికొస కట్టి మూడు కాగితాలు తగిలించారు, క్రీ.పూ. 722 ఉత్తరాన ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను అష్షూరు (అస్సీరియా) చేతిలో పడిపోయింది, 586 యెరూషలేము బబులోను చేతిలో పడిపోయింది, 538 కోరెషు యూదుల్ని తిరిగి వెళ్లమన్నాడు. ఇప్పుడు ఒక్కొక్కళ్లు ఒక్కో ప్రవక్తని తీసుకెళ్లి ఎక్కడ తగిలించాలో చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. హోషేయ, ఆమోసు మొదటి కాగితానికి ముందు, యిర్మీయా రెండో దాని చుట్టూ, హగ్గయి, జెకర్యా, మలాకీ చివర్న. నాకు ఆమోసు వచ్చాడు. ఆయన ఊరు తెకోవ, అది దక్షిణాన యూదాలో ఉంది, కానీ ఉత్తరాన ఇశ్రాయేలుకి వెళ్లి బేతేలులో ప్రవచించాడు, పొరుగు రాజ్యం వాడివి నీకేం పని ఇక్కడ, పో అన్నారు ఆయన్ని. ఇంగ్లీష్ బైబిల్లో సికమోర్ అని ఏదో చెట్టు ఉంటే ఎవరికీ అర్థం కాలేదు, మా తెలుగులో మేడిపండ్లు ఏరుకునేవాణ్ణి అని ఉంది సార్ అన్నా, ఆయన ఎంత సంతోషపడ్డారో, కన్నడవాళ్లకి అత్తి అని చెప్పి బోర్డు మీద రాశారు. ఆ రోజు నుంచి నా తెలుగు బైబిల్ కూడా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నా.

సువార్తలకి నాలుగు గడుల చార్ట్ వేయించారు. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు లూకాలోనే, నీకొదేము యోహానులోనే, అయిదు వేలమందికి ఆహారం పెట్టింది నాలుగింటిలోనూ. జ్ఞానులు మత్తయిలో, గొర్రెల కాపరులు లూకాలో, మార్కులో యేసు పుట్టుక కథే లేదు, మన క్రిస్మస్ నాటకాల్లో అందరూ ఒకేసారి పశువుల పాక దగ్గరకి వచ్చేస్తారు కాబట్టి ఇక్కడ చాలామందికి మార్కులు పోతాయి. పది ఆజ్ఞలు నిర్గమ 20లో, ద్వితీయోపదేశ 5లో రెండు చోట్లా ఉన్నాయని తెలుసు, కానీ విశ్రాంతి దినానికి చెప్పిన కారణం వేరని నాకు తెలీదు, మొదటి దాంట్లో ఆరు దినాల సృష్టి, రెండో దాంట్లో ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి. పౌలు పత్రికల మీద ఒక్క క్లాసే పెట్టారు, అవి దాదాపు సైజు ప్రకారం పేర్చి ఉన్నాయనీ రాసిన కాలం ప్రకారం కాదనీ చెప్పి పరుగెత్తించారు, రోమా పత్రికకే ఇంకో రోజు కావాలి.

రెండో కంప్లైంట్ మాక్ టెస్టులు. ఇవి సార్ తయారు చేయరు, ఆఫీసు వాళ్లు ఎక్కడివో తెచ్చి ప్రింట్ తీస్తారు. నాలుగో టెస్ట్‌లో యేసుని చూడ్డానికి ఎంతమంది జ్ఞానులు వచ్చారు అని అడిగి జవాబుల కీలో ముగ్గురు అని ఇచ్చారు, మత్తయి రెండో అధ్యాయంలో అంకె లేదు, బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయంతే. ఇంకోటి, నోవహు ఓడలోకి ఒక్కో జాతి నుంచి రెండే అని ఇచ్చారు, ఆదికాండం 7లో పవిత్ర జంతువుల లెక్క వేరే ఉంది. మా బ్యాచ్‌లో ఆర్సీఎం (రోమన్ కాథలిక్) అబ్బాయి ఒకడున్నాడు, బైబిల్లో ఎన్ని పుస్తకాలు అంటే 73 అని రాస్తే తప్పు వేశారు, వాళ్ల బైబిల్లో 73 ఉన్నాయి, మనకి 66, ప్రశ్నలో ఏ బైబిల్ అని రాయాలి కదా. వాక్యం మీద పరీక్ష పెట్టేవాళ్లు వాక్యం తెరిచి సరిచూసుకోకపోతే ఎలా అండీ. అడిగితే సార్ వెంటనే ఒప్పుకుని మార్కులు కలిపారు, ఆఫీసులో మాత్రం తర్వాత చూస్తాం అన్నారు.

చరిత్ర మీద ఒక గంట చెప్పారు, అది పరీక్షకి వస్తుందో రాదో గానీ నాకు నచ్చింది. మనం చదవబోయే బి.డి. డిగ్రీ ఇచ్చే శ్రీరాంపూర్, బెంగాల్లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో పెట్టిన కాలేజీ, 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే హక్కు రాసిచ్చాడు, అప్పుడా ఊరు వాళ్లదే. తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్ ప్రెస్‌లో అచ్చయింది కూడా ఆ 1818లోనే. మా నాయనమ్మ చదువు రాకపోయినా చేత్తో పట్టుకుని గుడికి వెళ్లిన పుస్తకం ఆ దారిలో వచ్చిందే కదా అనిపించింది.

పరీక్ష రాశాను, బైబిల్ పేపర్ బాగా వచ్చింది, ఇంటర్వ్యూకి పిలిచారు. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి టెస్టుల వల్ల పోయింది. హాల్లో ఫ్యాన్లు రెండే, వెనక కూర్చుంటే బోర్డు కనపడదు, బండి పెట్టుకోడానికి చోటు లేదు కాబట్టి బస్సులో వెళ్లండి. చివరి రోజు మా లాంగ్ బుక్కు పేజీలు జిరాక్స్ తీయించి సార్‌కి ఇచ్చాం, వచ్చే బ్యాచ్ నోట్స్‌లో తెలుగు, కన్నడ, తమిళ పేర్లు పక్కనే వేయిస్తాను అన్నారు. తమ్ముళ్లూ, మీరు చేరితే మొదటి శనివారమే ఆ నోట్స్ తెరిచి జేమ్స్ పక్కన యాకోబు అని ఉందో లేదో చూసి నాకు మెసేజ్ పెట్టండి, లేకపోతే మా పుస్తకం పంపిస్తాను.