చేతిలో పెట్టే ఇరవై రూపాయలు: ఆరేళ్లు ఇచ్చి చూశాక

ఒడిశాలోని బరంపురంలో మా ఇల్లు అంబపువా వైపు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. 2019 చివర్లో మావారికి మోకాలి ఆపరేషన్ అయింది, నాదేమో బడి ఉద్యోగం. అప్పట్నుంచి వారానికి రెండు మూడుసార్లు ఫోన్‌లో భోజనం తెప్పించుకోవడం, నెలకోసారో రెండుసార్లో బయట తినడం అలవాటైంది. ఈ ఆరేళ్లలో టిప్పు అన్ని దారుల్లోనూ ఇచ్చాను. బిల్లులో హోటలువాళ్లే వేసుకుంటే కట్టాను, యాప్‌లో నొక్కాను, మనిషి చేతిలో పెట్టాను. ఇవ్వాలా వద్దా అని అడిగేవాళ్లకు నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇవ్వాలి. కానీ పని అయ్యాక, చేసిన మనిషి చేతికే, చిన్న మొత్తంగా.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న ఈ ఊళ్లోనే పట్టుచీరల కొట్టులో గుమాస్తా. మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది 1936లో. అయినా బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో ఈరోజుకీ తెలుగు వినిపిస్తుంది. కొట్టుకు పెళ్లి బేరాలకు ఇటు ఇచ్ఛాపురం నుంచీ వచ్చేవారు, అటు అస్కా, హింజిలి నుంచీ వచ్చేవారు. చీరలు కట్టించుకుని లేచేటప్పుడు గుమాస్తా చేతిలో పదో పరకో పెట్టేవారు. మనవాళ్లు ఈనాం అనేవారు, ఒడియావాళ్లు బక్సీసు అనేవారు. నాన్న ఆ డబ్బు జేబులో వేసుకునేవాడు కాదు. గల్లా పెట్టె పక్కన ఒక రేకు డబ్బా ఉండేది, అందులో వేసేవాడు. దసరాకి డబ్బా విప్పి అందరూ సమానంగా పంచుకునేవారు. లోపల కూర్చుని చీరలు మడతపెట్టే కుర్రాడికీ, మంచినీళ్లు తెచ్చిపోసే ముసలాయనకీ అదే వాటా. "నేను విప్పిన చీరలన్నీ మళ్లీ మడతేసేది వాడే కదా" అనేవాడు.

ఒక ఏడాది పెళ్లి ముహూర్తాలు బాగా పడి డబ్బా నిండుగా వచ్చింది. అది చూసి యజమాని దసరా బోనసు సగానికి కోసేశాడు. "మీకు డబ్బాలో బాగానే వచ్చింది కదా" అన్నాడట. మా అమ్మ ఆ మాట పోయేదాకా మరిచిపోలేదు. టిప్పు మీద నాకున్న ఇష్టమూ, భయమూ రెండూ ఆ డబ్బాలోంచి వచ్చినవే.

ఇక వాడకం సంగతి. అన్నిటికన్నా నచ్చనిది బిల్లులో కలిపేసే సర్వీస్ ఛార్జి. మా బరంపురంలో మామూలు హోటళ్లలో ఇది నాకు తగల్లేదు. 2023లో భువనేశ్వర్‌లో ఒక పెద్ద హోటల్లో తగిలింది. ఐదుగురం తిన్నాం, బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద మళ్లీ జీఎస్టీ. అంతకు ముందు ఏడాది, 2022 జులై 4న, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతట అది వేయకూడదని చెప్పింది. అదే అడిగాను. "కోర్టు స్టే ఉంది మేడమ్" అన్నాడు మేనేజరు. ఆయన అన్నది నిజమే. అదే నెల 20న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను నిలిపేసింది. కట్టి వచ్చేశాను. వచ్చేముందు మాకు వడ్డించిన కుర్రాడిని పక్కకు పిలిచి, ఈ పది శాతంలో నీకెంత వస్తుందని అడిగాను. "నెలాఖరుకు ఏదో వేస్తారు. లెక్క మాకు చెప్పరు" అన్నాడు. నాకు ఆ పది శాతం పోయినందుకు కాదు బాధ. నా పేరు చెప్పి, వాడి పేరు చెప్పి తీసుకున్న డబ్బుకు మా ఇద్దరికీ లెక్క తెలియకపోవడం బాధ.

2025 మార్చి 28న అదే హైకోర్టు హోటళ్ల సంఘాల పిటిషన్లు కొట్టేసి, సర్వీస్ ఛార్జి తప్పనిసరి చేయడం కుదరదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత అలాంటి బిల్లు వస్తే నేను మర్యాదగానే తీసేయమంటున్నాను. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలామంది జీఎస్టీనీ దీన్నీ ఒకటే అనుకుంటున్నారు. హోటల్లో మామూలుగా పడే 5 శాతం జీఎస్టీ సర్కారుది, అది కట్టాల్సిందే. తీసేయించిన మొత్తాన్ని మాత్రం నేను ఇంటికి తెచ్చుకోను. అందులో సగమైనా వడ్డించిన అబ్బాయి చేతిలో పెట్టి వస్తాను. అలా చేయకపోతే తీసేయమనే నోరు నాకెక్కడిది?

యాప్‌లో టిప్పు ఇంకో రకం. కరోనా రోజుల్లో మనిషి ముఖం చూసే వీల్లేదు, తలుపు బయట సంచి పెట్టి వెళ్లిపోయేవారు. అప్పుడు అది తప్ప వేరే దారి లేకపోయింది, నేను మనస్ఫూర్తిగా వాడాను. ఆ డబ్బు వాళ్లకు చేరుతుందా అని చాలా రోజులు అనుమానం ఉండేది. తర్వాత రెండేళ్లు వచ్చిన ప్రతి అబ్బాయినీ అడిగాను. చేరుతుందనే అందరూ చెప్పారు. ఆ రోజు సంపాదన లెక్కలో విడిగా కనిపిస్తుందట. కాబట్టి అది మధ్యలో మాయమవుతుందని నేను అనను. నా ఫిర్యాదు వేరు. అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే, తెచ్చేది ఎవరో తెలియకముందే టిప్పు అడుగుతుంది ఆ తెర. ఇరవై, ముప్పై, యాభై అని తనే రేటు కడుతుంది. ఒకసారి నొక్కితే తర్వాతి ఆర్డరుకు అదే వేసి ఉంచుతుంది. ఇదే పద్ధతి కార్ల యాప్‌లలోకీ వచ్చింది. ఎక్కకముందే టిప్పు వేయమనడం మీద 2025 మేలో ఉబర్‌కు వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. ముందే కట్టించుకుంటే దాన్ని టిప్పు అనడం నాకు ఒప్పదు, అది వేలంపాట. ఎవరు ఎక్కువ వేస్తే బండి వాళ్లకు. వేయలేని వాళ్లు వానలో నిలబడాలి.

నేనిప్పుడు చేసేది ఇది. తలుపు పక్కన గూట్లో ఒక డబ్బా పెట్టాను. ఇరవై నోట్లు, పది నోట్లు అందులో ఉంటాయి. ఫోన్‌పేలు వచ్చాక చేతిలో చిల్లర ఆడడం లేదు, అందుకే నెలకోసారి కిరాణా కొట్టతన్ని అడిగి ఐదొందలకు చిల్లర తెస్తాను. మూడంతస్తులు ఎక్కి వస్తే ఇరవై. వాన పడుతున్నా, మే నెల మిట్టమధ్యాహ్నమైనా, రాత్రి పది దాటినా యాభై. బిల్లు రెండొందలా పన్నెండొందలా అని చూడను. బిర్యానీ ఖరీదైనదని వాడి మెట్లు పెరగవు కదా. చిల్లర లేని రోజు యాప్‌లోనే ఇస్తాను, కానీ తిండి చేతికి వచ్చాక.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒక అబ్బాయి నేర్పాడు. దిగపహండి దగ్గరివాడు, ఒడియా అబ్బాయి. గంజాం కుర్రాళ్లు ఎంతోమంది సూరత్ మరమగ్గాల్లోకి వలస వెళ్తారు, వీడూ అలాగే వెళ్లి 2020లో లాక్‌డౌన్‌లో తిరిగొచ్చాడు. మగ్గం మీద మీటరుకు ఇంత అని కూలి, ఇక్కడ ఆర్డరుకు ఇంత అని కూలి. "అక్కడ మగ్గం ఆగితే కూలి ఆగేది మావుసీ, ఇక్కడ మీరు తలుపు తీయకపోతే ఆగుతుంది" అన్నాడు. అప్పటిదాకా నేను టిప్పు బాగానే ఇస్తున్నాననుకున్నాను. కానీ కింద నుంచి ఫోన్ చేస్తే వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, చున్నీ వేసుకుని తలుపు తీసేసరికి ఏడెనిమిది నిమిషాలయ్యేది. ఆ ఎనిమిది నిమిషాలకు వాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా వాళ్లకు పండగ బేరం, అందులో ఎనిమిది నిమిషాలంటే దాదాపు అర ఆర్డరు. నేనిచ్చే ఇరవై నేనే తినేస్తున్నానని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు బండి బయల్దేరిందని ఫోన్ చెప్పగానే గేటు దగ్గర లైటు వేసి, నేనే దిగి ఉంటాను. యాప్‌లో ఇంటి గుర్తు కూడా సరిచేశాను. వెనక సందు చూపిస్తుంటే ప్రతివాడూ ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. మరో తెలుగు కుర్రాడు, కవిటి నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని ఉంటున్నాడు, "డబ్బులు లేకపోయినా యాప్‌లో ఐదు స్టార్లు కొట్టండమ్మా, అవి తగ్గితే బేరం బాగా ఉండే టైం మాకు రాదు" అన్నాడు. అదీ మరిచిపోవడం లేదు.

ఒక తప్పు చెప్పాలి. ఫైలిన్ తుపాను చూసిన ఊరు మాది. 2013 అక్టోబరు 12 రాత్రి ఇక్కడున్న వాళ్లెవరూ గాలిని తేలిగ్గా తీసుకోరు. అలాంటిది కిందటేడు వాయుగుండం పడిన సాయంత్రం, చుట్టాలొచ్చారని బిర్యానీ తెప్పించాను. యాప్ తీసుకుంది, నేనూ ఇచ్చాను. వచ్చిన అబ్బాయి మోకాళ్ల దాకా బురద, పెదాలు వణుకుతున్నాయి, సంచి మాత్రం తడవకుండా గుండెకు హత్తుకుని తెచ్చాడు. వంద నోటు ఇచ్చాను. తీసుకుని దండం పెట్టాడు. ఆ దండం నాకు ఇప్పటికీ తగులుతుంది. వంద రూపాయలకు అలాంటి పూట మనిషిని బయటకు లాగే హక్కు కొనుక్కోలేం. ఆ తర్వాత హెచ్చరిక ఉన్న రోజు నేను ఆర్డరు పెట్టడం మానేశాను. ఇంట్లో మరమరాలు ఉంటాయి, అటుకులు ఉంటాయి.

మా మరిదికి ఇదంతా నచ్చదు. "జీతం ఇవ్వాల్సింది కంపెనీ వదినా, నువ్వెందుకు నింపుతావు? నువ్వు ఇచ్చేకొద్దీ వాళ్లు తగ్గిస్తారు" అంటాడు. నాన్న బోనసు కోత విన్నదాన్ని, ఆ మాట కొట్టిపారేయలేను. మా మేనల్లుడు ఉండే అమెరికాలో అదే జరిగింది. అక్కడ టిప్పు వచ్చే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కేంద్ర కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదల్లేదు. మిగతాది తినేవాళ్ల టిప్పులతో నిండుతుందనే లెక్క. అందుకే అక్కడ బిల్లులో ఇరవై శాతం దాకా పెట్టకపోతే తప్పుగా చూస్తారు. మన దగ్గర శాతాల లెక్క వద్దని నేను పట్టుబట్టేది అందుకే. శాతం వచ్చిందంటే అది జీతంలో భాగమైపోతుంది.

మరిదికి నేను చెప్పేది ఒకటే. కంపెనీ ఇవ్వాల్సింది అడుగుదాం, ఈలోగా మెట్లెక్కి వచ్చిన పిల్లవాడిని ఉత్త చేతులతో పంపొద్దు. అడగడానికి ఇప్పుడు ఒక ఆధారం ఉంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అనే చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఈ యాప్‌ల కింద పనిచేసేవాళ్ల పేరు చట్టంలో మొదటిసారి అందులోనే ఎక్కింది. కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం, వాళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, వాళ్ల భద్రతకు జమ చేయాలని ఉంది. అది ప్రమాదానికీ జబ్బుకీ అక్కరకొచ్చే డబ్బు, రోజు కూలి పెంచేది కాదు. అయినా పేరు ఉంటేనే అందుతుంది. కేంద్రం అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకున్నావా అని వచ్చినవాళ్లను అడుగుతున్నాను. ఇద్దరికి ఆదివారం మా ఇంట్లో కూర్చోబెట్టి ఆధార్‌తో నేనే రాయించాను. ఆ ఇద్దరిలో ఒకడికి భార్య కడుపుతో ఉంది. టిప్పు కన్నా ఆ అరగంటే వాడికి ఎక్కువ ఉపయోగపడాలని కోరుకుంటున్నాను.

హోటళ్ల విషయంలో నాది నాన్న లెక్కే. కౌంటరు దగ్గర ప్లేటు మనమే తెచ్చుకునే చోట టిప్పు ఇవ్వను, అక్కడ మేజా తుడిచే అబ్బాయికి పది రూపాయలు ఇస్తాను. కూర్చోబెట్టి వడ్డించే చోట ఇస్తాను. కానీ సర్వరు చేతిలో పెట్టినప్పుడల్లా లోపలివాళ్లు గుర్తొస్తారు. పొయ్యి దగ్గర చెమటలు కక్కేవాడికీ, వెనక దొడ్లో అంట్లు తోమే ఆవిడకీ మన ముఖం కనిపించదు, వాళ్ల ముఖం మనకు కనిపించదు.

మేము ఇడ్లీ, గుగ్ని (బఠాణీల కూర) తినడానికి వెళ్లే టిఫిన్ హోటలు ఒకటుంది, యజమాని మనవాళ్లే, ముప్పై ఏళ్ల పరిచయం. నిరుడు ఉగాదికి ఆయన్ని అడిగాను, గల్లా పక్కన ఒక డబ్బా పెట్టించండి బాబాయ్, దసరాకి అందరికీ పంచండి అని. సర్వర్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల కోపమూ న్యాయమే, నవ్వుతూ మాట్లాడి సంపాదించుకున్నది వాళ్లు. చివరికి చేతికిచ్చింది వాళ్లది, డబ్బాలో వేసింది అందరిదీ అని కుదిరింది. డబ్బా చూసి జీతాల్లో కోయనని బాబాయ్ చేత నేను అందరి ముందూ మాట తీసుకున్నాను. దసరా ముందురోజు డబ్బా విప్పితే ఏడుగురికి తలా 640 రూపాయలు వచ్చాయి. అంట్లు తోమే ఆవిడ పదకొండేళ్లుగా అక్కడే చేస్తోంది. ఆ నోట్లు చేతిలో పెడితే, ఇవి ఎవరిచ్చారని రెండుసార్లు అడిగింది.